పాత మజిల్ కారుకు నకలు కట్టుకోవడం గిట్టుబాటవుతుందా? డబ్బు పెట్టే ముందు తేల్చుకోవడం ఎలా

1964లో పాంటియాక్ కంపెనీ తన టెంపెస్ట్ కారులో 389 క్యూబిక్ అంగుళాల ఇంజన్‌ను అమర్చి జీటీవో పేరుతో అమ్మినప్పుడు అమెరికాలో ఊపందుకున్న మజిల్ కార్ల, అంటే మామూలు కారులో భారీ ఇంజన్ అమర్చిన కార్ల, పోటీ, 1970 నాటికి పతాకస్థాయికి చేరింది. ఆ ఏటి కార్లకు, పాంటియాక్, షెవర్లేల మాతృసంస్థ జనరల్ మోటార్స్, మధ్యతరహా కార్లలో 400 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజన్ వాడరాదన్న తన నియమాన్ని ఎత్తివేయడంతో, షెవర్లే షెవెల్ కారులోని వేగవంతమైన రకం ఎస్‌ఎస్‌కు (సూపర్ స్పోర్ట్) 454 క్యూబిక్ అంగుళాల ఇంజన్, అంటే దాదాపు 7.4 లీటర్లది, దక్కింది. అందులోనూ 450 హార్స్‌పవర్ ఇచ్చే ఎల్‌ఎస్6 రకం షెవెల్‌లో ఆ ఒక్క ఏడాదికే పరిమితమైంది. అసలైన ఎల్‌ఎస్6 కారు నేడు పాత కార్లు సేకరించేవారు చెల్లించే భారీ ధర పలుకుతుంది కనుక, అదే ఏడాది తయారైన, షెవెల్‌లోనే మామూలు రకమైన మాలిబూను కొని ఎస్‌ఎస్‌గా మార్చుకోవాలన్న కోరిక చాలామందికి కలుగుతుంది. అలా మార్చిన కారును అక్కడి అభిమానులు క్లోన్ అని, కొంచెం గౌరవంగా ట్రిబ్యూట్ అని పిలుస్తారు.

ఈ పని లాభం కోసం చేసేది కాదని ముందే చెప్పాలి. పెట్టిన డబ్బు తిరిగి రావాలని కోరుకునేవారు ఎవరో శ్రద్ధగా కట్టి అమ్ముతున్న కారును కొనుక్కోవడమే మేలు, ఎందుకంటే ఆ కారు మీద మొదటి యజమాని పోగొట్టుకున్న సొమ్ము కొనేవారికి కలిసివస్తుంది. స్వయంగా కట్టడం ఎవరికి తగినది, ఎంతవరకు తగినది అన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు రాబట్టే పద్ధతిని, 1970 షెవెల్‌నే ఉదాహరణగా తీసుకుని, కింద వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: ఏ రకం నకలు కావాలో తేల్చుకోండి

నకలు అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులున్నాయి. మొదటిది, పైన చెప్పినట్టు, అదే కాలపు తక్కువ శ్రేణి కారును ఖరీదైన శ్రేణి కారుగా మార్చడం. రెండవది కిట్ కారు; 1995లో మసాచుసెట్స్ రాష్ట్రంలో మొదలైన ఫ్యాక్టరీ ఫైవ్ రేసింగ్ వంటి కంపెనీలు 1960ల నాటి స్పోర్ట్స్ కారు షెల్బీ కోబ్రా రూపంలోని బాడీని, ఉక్కు గొట్టాలతో చేసిన చాసిస్‌ను పెట్టెల్లో పంపితే, ఇంజన్, గేర్‌బాక్స్ మనం సమకూర్చుకుని బిగించుకోవాలి. మూడవది, డైనాకార్న్ వంటి సంస్థలు కొత్తగా అచ్చుపోసి అమ్మే 1967–69 షెవర్లే కమారో కారు ఉక్కు బాడీని కొని, దాని చుట్టూ మొత్తం కారును సమకూర్చుకోవడం. కిట్ కారులో తుప్పు బెడద ఉండదు, విడిభాగాలు ఒకదానికొకటి సరిపోయేలా వస్తాయి, కాబట్టి తొలిసారి చేసేవారికి అదే సులువు. కానీ దానికి సొంత చరిత్ర ఉండదు. రిజిస్ట్రేషన్ కూడా కొత్తగా సంపాదించుకోవలసి ఉంటుంది. మాలిబూకైతే 1970 నుంచి వస్తున్న కాగితాలు అలాగే చెల్లుతాయి. ఈ ఒక్క కారణం వల్లనే నా మొగ్గు మొదటి మార్గం వైపు.

రెండవ మెట్టు: అమ్మకపు ధర నుంచి లెక్క మొదలుపెట్టండి

ఎక్కువమంది కొనుగోలు దగ్గర లెక్క మొదలుపెట్టి, ఖర్చులు ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోయి, చివరికి వచ్చిన మొత్తాన్ని చూసి గుండె పట్టుకుంటారు. అందుకు బదులు, మీరు కట్టదలచిన కారు వంటిదే పూర్తయిన క్లోన్ గత ఏడాదిలో ఎంతకు అమ్ముడైందో ముందుగా కనుక్కోండి. అమ్మేవారు అడుగుతున్న ధరను కాక, వేలంపాటల్లో నిజంగా చేతులు మారిన ధరను మాత్రమే రాసుకోండి. కనీసం పది అమ్మకాలు చూసి, అన్నిటికన్నా ఎక్కువ పలికిన రెండింటిని కొట్టివేసి, మిగిలినవాటి సగటు తీసుకుంటే, మీ కారు పూర్తయిన రోజున దాని విలువ ఎంతో నమ్మదగిన అంచనా దొరుకుతుంది.

మూడవ మెట్టు: మాలిబూను ఎంచుకోవడం

1970 షెవెల్‌లో డ్రైవర్ వైపు ముందు అద్దం కింద కనిపించే వీఐఎన్ (ప్రతి కారుకూ ఉండే గుర్తింపు సంఖ్య) పలక మీద మొదటి మూడు అంకెలు చూడండి. 136తో మొదలైతే అది ఫ్యాక్టరీ నుంచి వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల, ఇంజన్‌తో వచ్చిన మాలిబూ, 135తో మొదలైతే ఆరు సిలిండర్లది. ఆరు సిలిండర్ల కారు చవకగా దొరుకుతుంది కానీ, ఇంజన్ మౌంట్లు, రేడియేటర్, ముందు స్ప్రింగులు, గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్ అన్నీ మార్చవలసి రావడంతో ఆ చవకదనం నిలవదు. ఎస్‌ఎస్ ఆ ఏడాది విడి మోడల్ కాదు, ఒక ఆప్షన్ ప్యాకేజీ మాత్రమే, అందువల్ల 136 ఉన్నంత మాత్రాన కారు ఎస్‌ఎస్ అవునో కాదో వీఐఎన్ చెప్పదు. కారులో ఏమేమి అమర్చాలో రాసి ఫ్యాక్టరీలో వాడిన బిల్డ్ షీట్ అనే కాగితం పెట్రోల్ ట్యాంకు పైన ఇరుక్కుని దొరకడం ఈ కార్లలో కద్దు. ట్యాంకు దించినప్పుడు దాన్ని జాగ్రత్తగా బయటకు తీయండి. దాన్నిబట్టి కారు అసలైన ఎస్‌ఎస్ అని తేలితే వెంటనే పని ఆపాలి, ఎందుకంటే అటువంటి కారును ఇష్టం వచ్చినట్టు కోయడం దాని విలువను చేజేతులా పోగొట్టుకోవడమే. క్రైస్లర్ వారి డాడ్జ్, ప్లిమత్ కార్లలో పరిస్థితి వేరు. వాటి వీఐఎన్‌లోనే ఇంజన్ రకాన్ని సూచించే అక్షరం ఉంటుంది కాబట్టి నకలు వెంటనే బయటపడుతుంది.

తుప్పు విషయంలో ఏమాత్రం మొహమాటం పనికిరాదు. కాళ్ల కింది నేల రేకు, డిక్కీ నేల, వెనక చక్రాల పక్కన క్వార్టర్ ప్యానెళ్ల కింది అంచులు, వెనక అద్దం చుట్టూ ఉండే గాడి (ముఖ్యంగా పైకప్పుకు వినైల్ తొడుగు ఉన్న కార్లలో), చాసిస్ మీద బాడీ కూర్చునే చోట్లు, వీటన్నిటినీ లైటు వేసి చూడాలి. చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి రేకు మీద జరుపుతూ పోతే, అది పట్టు వదిలేసిన చోట రంగు కింద లప్పం మందంగా ఉన్నట్టు. డబ్బు మిగులుతుందని తుప్పు పట్టిన కారును కొన్నవారు, ఆ మిగిలినదానికి ఎన్నో రెట్లు వెల్డింగ్ కూలి కింద చెల్లిస్తారు.

నాలుగవ మెట్టు: ఖర్చును పద్దుగా రాయండి

అంకెలు కాలాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి మారతాయి, కనుక కింది లెక్కను పద్ధతి కోసం చూపిన ఊహాపద్దుగా మాత్రమే తీసుకోండి. నడిచే స్థితిలో ఉన్న వీ8 మాలిబూకు 25,000 డాలర్లు, తుప్పు, రేకు పనికి 10,000, రంగుకు 15,000, క్రేట్ ఇంజన్ (సిద్ధంగా బిగించి పెట్టెలో అమ్మే కొత్త ఇంజన్), దాని అనుబంధాలకు 12,000, గేర్‌బాక్స్, వెనక యాక్సిల్‌కు 7,000, బ్రేకులు, సస్పెన్షన్‌కు 5,000, లోపలి సీట్లు, డ్యాష్‌బోర్డు, వైరింగ్‌కు 7,000, క్రోమ్, అద్దాలు, రబ్బర్లు, చక్రాలు, ఎంబ్లమ్‌లకు 6,000 అనుకుంటే మొత్తం 87,000 అవుతుంది. కారు ధర కాక మిగిలిన 62,000 మీద ఇరవై శాతం అనుకోని ఖర్చుల కింద పక్కన పెడితే మరో 12,400 కలిసి 99,400 అవుతుంది. పూర్తయిన కారు 60,000కు అమ్ముడవుతుందని రెండవ మెట్టులో తేలిందనుకుందాం. అప్పుడు తేడా 39,400 డాలర్లు.

ఈ తేడాను పెట్టుబడి మీద నష్టంగా చూస్తే ఎవరూ ఈ పనికి పూనుకోరు. దాన్ని అభిరుచి మీద పెట్టే ఖర్చుగా చూడాలి. పదేళ్లు కట్టి, నడిపి, ఆనందించాలనుకుంటే ఆ మొత్తం నెలకు సుమారు 328 డాలర్లు. ఇంటి అప్పు, పిల్లల చదువు, రిటైర్మెంట్ పొదుపు అన్నీ సాగుతూ ఉండగా ఆ సొమ్మును ఇబ్బంది లేకుండా ఖర్చు పెట్టగలరా అని భార్యాభర్తలిద్దరూ కూర్చుని నిర్ణయించుకోవాలి. అవునంటే ఈ కారు మీకు గిట్టుబాటే. కాదంటే కాదు. అప్పు తెచ్చి కట్టవలసి వస్తే మాత్రం, నా అభిప్రాయంలో, ఆ ఆలోచన అక్కడితో విరమించుకోవాలి.

పద్దులో ఎక్కువమంది తక్కువ అంచనా వేసేది రంగు. కొత్తగా అచ్చుపోసిన ఫెండర్లు, తలుపులు పాత బాడీకి అతికినట్టు కూర్చోవు. అంచుల మధ్య సందు అంతటా సమానంగా వచ్చేదాకా పెట్టి, తీసి, సాగగొట్టి, మళ్లీ పెట్టవలసి ఉంటుంది. ఆ పని గంటల లెక్కన సాగుతుంది కాబట్టి రంగు డబ్బా ధర మొత్తం ఖర్చులో చిన్న భాగమే. నిగనిగలాడే నలుపు రేకులోని ప్రతి ఒంపునూ ఎత్తి చూపుతుంది, అందుచేత తొలి ప్రయత్నానికి లేత రంగు ఎంచుకోవడం తెలివైన పని.

మీ సొంత సమయానికి పద్దులో వెల కట్టకపోయినా, గంటలను మాత్రం రాయాలి. 600 గంటల పని ఉందనుకుని వారానికి 8 గంటలు కేటాయించగలిగితే 75 వారాలు, అంటే ఏడాదిన్నర, పడుతుంది. టెక్సస్‌లోని ఫ్రిస్కో, ఇర్వింగ్ వంటి చోట్ల స్థిరపడిన తెలుగువారు ఇంకొక విషయం చూసుకోవాలి: చాలా కాలనీల గృహ యజమానుల సంఘాల నియమాలు ఇంటి ముందు విప్పిన కారును ఉంచనివ్వవు, కాబట్టి ఆ ఏడాదిన్నరా గ్యారేజీలో ఒక కారు స్థలం పూర్తిగా దీనికే వదిలేయాలి.

ఐదవ మెట్టు: మొదటి బోల్టు విప్పకముందే చట్టం

కారును దాని సొంత వీఐఎన్‌తో, సొంత టైటిల్ (యాజమాన్య పత్రం)తో మాలిబూగానే ఉంచాలి. మరో కారు వీఐఎన్ పలకను తీసి దీనికి బిగించి మోసానికి పాల్పడటం అమెరికాలో ఫెడరల్ నేరం. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందటి పెట్రోల్ కార్లకు స్మాగ్ పరీక్ష, అంటే పొగ కాలుష్య పరీక్ష, లేదు కాబట్టి 1970 మాలిబూకు అక్కడ చిక్కు తక్కువ. కిట్ కారుకైతే అదే రాష్ట్రంలో ఏడాదికి 500 వాహనాలకు మాత్రమే ఇచ్చే ప్రత్యేక మినహాయింపు కోసం దరఖాస్తు చేసుకోవలసి వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో పాత కారును ఇలా మార్చి రోడ్డెక్కించాలనుకునేవారికి దారి దాదాపు మూసుకుపోయినట్టే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన మౌలిక వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. యాభై ఏళ్లు దాటిన వాహనాలకు 2021లో తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా అసలు రూపంలో ఉన్నవాటికే వర్తిస్తుంది.

ఆరవ మెట్టు: కారు ఎప్పుడూ నడిచేలా పని వరుస పెట్టుకోండి

సగంలో ఆగిన కారుకు దాని విడిభాగాలపాటి ధర కూడా రాదు, అందువల్ల మొత్తం ఒకేసారి విప్పేయడం అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు. మొదట డ్రమ్ బ్రేకులు తీసి ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు పెట్టి, కొన్ని వారాలు నడపండి. తరువాత సస్పెన్షన్, వెనక స్వే బార్ (మలుపుల్లో కారు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ), పెద్ద ఇంజన్ బలాన్ని తట్టుకునే 12 బోల్టుల వెనక యాక్సిల్ అమర్చండి. ఆ పైన ఇంజన్, గేర్‌బాక్స్, దానికి తగిన రేడియేటర్. ఎస్‌ఎస్‌కు గుర్తుగా నిలిచే గుండ్రని మీటర్ల డ్యాష్‌బోర్డు, నల్ల గ్రిల్, ఉబ్బెత్తు బానెట్, చివరగా రంగు. ఈ వరుసలో డబ్బు గానీ ఓపిక గానీ ఏ దశలో అయిపోయినా, చేతిలో నడిచే కారు ఉంటుంది, దాన్ని నడిచే కారు ధరకే అమ్ముకోవచ్చు.

ప్రతి రసీదును, ప్రతి దశ ఫోటోను ఒక ఫైలులో పెట్టండి. ఏళ్లు గడిచేకొద్దీ విలువ తగ్గించే మామూలు బీమా కాక, ముందే ఒప్పుకున్న విలువను చెల్లించే క్లాసిక్ కార్ల బీమా తీసుకునేటప్పుడు ఆ ఫైలే ఆధారం. అమ్మే రోజు వస్తే ప్రకటన మొదటి వాక్యంలోనే ఇది మాలిబూను మార్చి చేసిన ఎస్‌ఎస్ నకలు అని రాయాలి, ఎస్‌ఎస్ అక్షరాలు మాత్రమే చూసి అసలుదనుకునే అవకాశం కొనేవారికి ఇవ్వకూడదు. తీసేసిన పాత మీటర్ల పలకను, మాలిబూ ఎంబ్లమ్‌లను, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఇంజన్‌ను పారేయకుండా దాచి, ఆ ఫైలుతో పాటు కొత్త యజమానికి అప్పగించండి.