స్ట్రీమ్ డెక్ ఉందా? ప్రొఫైల్‌ను యాప్‌కు ముడిపెట్టండి

ఎల్గాటో స్ట్రీమ్ డెక్‌లో (కంప్యూటర్‌కు తగిలించే, మీద బొమ్మలు మారే బటన్ల పెట్టె) 15 బటన్లు చాలడం లేదని 32 బటన్లది కొనే ముందు ఈ పని చేసి చూడండి. దాని సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ప్రొఫైల్‌ను, అంటే ఒక్కో బటన్ల అమరికను, ఒక్కో యాప్‌కు ముడిపెట్టొచ్చు. ఓబీఎస్‌లో (లైవ్ ప్రసారాల సాఫ్ట్‌వేర్) ఉంటే సీన్లు, మైక్ మ్యూట్. ఫోటోషాప్‌లోకి మారగానే అవే బటన్ల మీద బ్రష్, క్రాప్, అన్‌డూ బొమ్మలు వచ్చేస్తాయి. మనమేమీ నొక్కక్కర్లేదు. మరిన్ని బటన్లు పెట్టుకోవడానికి ఫోల్డర్లూ ఉన్నాయి గానీ, లోపలికెళ్లడం, వెనక్కి రావడం లైవ్‌లో ఒకటే టెన్షన్.

మ్యూట్ బటన్‌ను మాత్రం ప్రతి ప్రొఫైల్‌లోనూ ఒకే మూలన పెట్టండి, చూడకుండానే వేలు అక్కడికి వెళ్లాలి. ఐకాన్ల మీద చిన్న అక్షరాలు వద్దు. నల్లటి నేపథ్యం మీద తెల్లటి పెద్ద గుర్తు ఒక్కటుంటే ఓరచూపుకే తెలిసిపోతుంది.