సంక్రాంతికి తాళం వేసే ముందు: ఇంటి కెమెరాకు ఏ కనెక్షన్ తీసుకోవాలి?

సంక్రాంతికి హైదరాబాద్‌లో చాలా కాలనీలు సగం ఖాళీ అవుతాయి. తాళం వేసిన ఇళ్లకు దొంగల బెడద ఎక్కువగా ఉండేదీ ఆ రోజుల్లోనే. పండగ ముందు కెమెరా కొనేవారు బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటుందని అడుగుతారు గానీ, ఆ బొమ్మ తమ ఫోనుకు ఏ దారిన చేరుతుందని సాధారణంగా అడగరు. కరెంటు పోయినా, వీధిలో కేబుల్ తెగినా ఏం మిగులుతుందో చూసుకున్నాకే కనెక్షన్ ఎంచుకోవాలని నా అభిప్రాయం.

ఎక్కువ ఇళ్లలో ఉండేది బ్రాడ్‌బ్యాండ్ వైఫై. నెట్ ఎలాగూ ఉంది కాబట్టి ఖర్చు తక్కువ, అమర్చడం తేలిక. అయితే ఊరికి వెళ్లేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపేయడం మనలో చాలామందికి అలవాటు. ఆ ఒక్క పనితో కెమెరా, రౌటర్ రెండూ ఆగిపోతాయి. వాటి ప్లగ్గులకు వేరే ఎంసీబీ (స్విచ్‌బోర్డు పెట్టెలోని బ్రేకర్ స్విచ్) పెట్టించుకుంటే మిగతావన్నీ ఆపి దాన్ని మాత్రం ఉంచి వెళ్లవచ్చు. ఫైబర్ పెట్టె, రౌటర్ చాలావరకు 12 వోల్టుల అడాప్టర్లతో నడుస్తాయి కనుక, అడాప్టర్‌పై రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు సరిచూసుకుని మినీ యూపీఎస్ కొంటే కొన్ని గంటల కోతను తట్టుకుంటాయి. కెమెరాకూ అలాంటి ఏర్పాటే ఉండాలి. రౌటర్ వెలుగుతూ కెమెరా ఆరిపోతే ఫలితం లేదు. ఇంత చేసినా ఇంటి బయట కేబుల్ మన చేతిలో ఉండదు. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో విద్యుత్ స్తంభాలపై కేబుళ్లను తొలగించినప్పుడు ఎన్నో ఇళ్లకు నెట్ ఆగిపోయింది. అందువల్ల కెమెరాలో మెమరీ కార్డు తప్పనిసరిగా వేయండి. నెట్ లేకపోయినా రికార్డింగ్ అందులో నిలుస్తుంది.

బ్రాడ్‌బ్యాండ్ లేని పల్లెటూరి ఇంటికి, తోటలోని షెడ్డుకు 4జీ సిమ్ కెమెరా సరిపోతుంది. ఇక్కడ లెక్క ముందే వేసుకోవాలి. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రోజంతా వీడియో పంపితే దాదాపు 21.6 జీబీ ఖర్చవుతుంది. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ప్లాన్ దానికి ఏ మూలకూ చాలదు. కాబట్టి కదలిక కనిపించినప్పుడే పంపేలా సెట్టింగ్ మార్చి, పూర్తి రికార్డింగ్‌ను కార్డులో ఉంచుకోవాలి. కెమెరా బిగించే చోటే ఆ కంపెనీ సిమ్ సిగ్నల్ ఎలా ఉందో ఫోనుతో పరీక్షించాలి. సిమ్ వేసి వాడే పాత జీఎస్‌ఎం అలారం పెట్టెలు (ఎవరైనా చొరబడితే ఫోనుకు హెచ్చరిక పంపేవి) చాలావరకు 2జీ మీదే పనిచేస్తాయి. జియోకు 2జీ లేదు కనుక ఆ సిమ్ వాటిలో పనిచేయదు. మనం అక్కడ లేని రోజుల్లో రీచార్జ్ గడువు ముగిసిపోకుండా తేదీ చూసుకోవడం మరచిపోవద్దు.

ఇల్లు కట్టుకుంటున్నవారు మాత్రం గోడల్లో పైపులు వేసేటప్పుడే నెట్‌వర్క్ కేబుల్ లాగించుకోవాలని గట్టిగా చెబుతాను. అందుకు తగిన (పీఓఈ) కెమెరా, పరికరాలు తీసుకుంటే 100 మీటర్ల వరకు ఒకే తీగలో కరెంటు, వీడియో రెండూ వెళ్తాయి. వైఫైని అడ్డుకునే గోడల బెడదా ఉండదు. కెమెరాల వీడియోను దాచే రికార్డర్‌ను టీవీ పక్కన పెడితే దొంగలు దాన్నే ఎత్తుకుపోతారు. అటక మీదో, తాళం ఉన్న అలమరలోనో గాలి ఆడేలా ఉంచి, యూపీఎస్‌కు కలపండి.

ఏ కనెక్షన్ అయినా, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌ను మొదటి రోజే మార్చాలి. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) లక్షల పరికరాల్లోకి చొరబడింది ఇలా మార్చకుండా వదిలేసిన పాస్‌వర్డ్‌లతోనే.

స్థోమత ఉంటే వీడియోకు బ్రాడ్‌బ్యాండ్, హెచ్చరికకు సిమ్ అలారం అని రెండు దారులు పెట్టుకోవడం నాకు అన్నిటికంటే సమంజసంగా తోస్తుంది. ప్రయాణానికి పది రోజుల ముందే ఒకసారి మెయిన్, మరోసారి రౌటర్ ఆపి, ఇంటి బయట మొబైల్ డేటా మీద ఉన్న ఫోనుకు ఏం వస్తుందో, ఏం రాదో చూడండి. లోపం బయటపడితే సరిచేయించుకోవడానికి ఆ పది రోజులూ కావాలి.

హెచ్చరిక అందుకునేవారిలో దగ్గరలో ఉండే మనిషి ఒకరైనా ఉండాలి. అమ్మానాన్నల ఇంటి కెమెరాను అమెరికా నుంచి చూసే పిల్లలకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడి నుంచి మన అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయడం కుదరదు. పక్కింటివారి నంబరు, స్థానిక పోలీస్ స్టేషన్ నంబరు ముందే రాసి పెట్టుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో తాళం వేసిన ఇళ్ల కోసం పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) అనే నిఘా సేవ ఉంది. అది మీ ప్రాంతంలో అందుతోందో లేదో స్టేషన్‌లో అడగండి. తెలంగాణలోనైనా ఊరికి వెళ్లే తేదీలు స్టేషన్‌లో చెప్పి వెళ్లండి.