కొత్త మడత చాకు: ఒంటిచేత్తో వాడే ముందు

డబ్బాలోంచి తీయగానే అందరూ పదును చూస్తారు. ముందు చూడాల్సింది లాక్, అంటే తెరిచిన బ్లేడు మూసుకోకుండా పట్టి ఉంచే భాగం. బ్లేడు పూర్తిగా తెరిచి, పిడి గట్టిగా పట్టుకుని కదిపి చూడండి. బ్లేడు పక్కలకి ఊగితే, అది తిరిగే ఇరుసు స్క్రూ వదులైనట్టు. సరైన టార్క్స్ బిట్‌తో (నక్షత్రం ఆకారపు మొన ఉన్న స్క్రూడ్రైవర్ బిట్), చాలావాటికి టీ6 లేదా టీ8 సైజు, కొద్దికొద్దిగా బిగించండి. మరీ బిగిస్తే బ్లేడు బొటనవేలికి లొంగదు. పైకీ కిందకీ ఊగితే మాత్రం అది లాక్ లోపం, చాకు వెనక్కిచ్చేయండి.

లైనర్ లాక్ అయితే, అంటే పిడి లోపలి రేకు బ్లేడుకి అడ్డుపడి ఆపే రకమైతే, ఆ రేకు బ్లేడు మడమ (పిడిలో ఉండే వెనక చివర) మీద నిండుగా ఆనాలి. అంచున మాత్రమే తగిలితే ఒత్తిడికి జారిపోయి, బ్లేడు వేళ్ల మీదకి మూసుకుంటుంది.

మూసేటప్పుడు రేకును బొటనవేలితో పక్కకి నొక్కి, చూపుడువేలితో బ్లేడు వీపును కొద్దిగా దించండి. బొటనవేలు దారిలోంచి తీశాకే మిగతాది మూయండి. గరగరమంటే ఇరుసులో ఒక్క చుక్క నూనె చాలు.