నోరు ఎందుకు ఎండుతోంది? మూడో పాఠం: రాసుకున్న కాగితాన్ని చదవడం

కిందటి పాఠంలో చెప్పిన కాగితం చేతిలో ఉందా? వారం రోజులపాటు నోరు పిడచకట్టుకుపోయిన ప్రతిసారీ టైమెంత, అంతకుముందు ఏం చేశారు, నీళ్లు తాగితే ఎంతసేపు హాయిగా ఉంది అని రాసుకోమన్నాను. మధ్యలో ఒకటి రెండు రోజులు మర్చిపోయినా ఫరవాలేదు, ఉన్నదాంతోనే మొదలుపెడదాం. నోరు ఎండటానికి కారణాలు చాలా ఉన్నాయి కానీ అవన్నీ ఒకే వేళకి రావు. అందుకే ‘ఎందుకు’ అనుకునే ముందు ‘ఎప్పుడు’ అని చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. ఈ పాఠమంతా దాని గురించే.

ముందు ఒక లెక్క. రోజుకి మనకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 0.3, 0.4 మిల్లీలీటర్లు ఊరితే, నములుతున్నప్పుడు దానికి ఎన్నో రెట్లు ఊరుతుంది. నిద్రలో మాత్రం దాదాపు సున్నా. కాబట్టి లేవగానే నోరు కాస్త అంటుకున్నట్టుండి, పుక్కిలించగానే మామూలైపోతే అది జబ్బేమీ కాదు. ఆ వరుస కొట్టేయండి.

అలా కాకుండా రాత్రి రెండు మూడింటికి మెలకువ వచ్చి, నాలుక అంగిలికి అతుక్కుపోయి, గొంతు గీరుకుపోతున్నట్టుండి, పెదాలు పొలుసులు కట్టి ఉంటే ముక్కు మీద అనుమానపడాలి. ముక్కు మూసుకుపోయినవాళ్లు తెలియకుండానే నోటితో గాలి పీలుస్తారు. ఊరిన ఆ కొద్ది తడినీ ఆ గాలి ఎత్తుకుపోతుంది. గురక ఉందా, లేచాక తలనొప్పిగా ఉంటోందా, పగలు కూర్చున్నచోటే కునుకు పడుతోందా? పక్కన పడుకునేవాళ్లని అడగండి, ఈ విషయం మనకన్నా వాళ్లకే బాగా తెలుస్తుంది. ఇవి ఉంటే నిద్రలో ఊపిరి ఆగుతోందేమో పరీక్ష చేయించుకోవాలి.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. మీ కాగితం మీద మాత్రలు వేసుకున్న వేళలన్నీ ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టండి. ఎడతెగకుండా నోరెండేవాళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం మందులే. లాలాజల గ్రంథికి ‘ఊరించు’ అన్న కబురు అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ద్వారా అందుతుంది. కొన్ని మందులు ఆ కబురు గ్రంథికి చేరకుండా అడ్డుపడతాయి. నరాల నొప్పికీ నిద్రకీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, తుమ్ములకి వేసుకునే క్లోర్‌ఫెనిరమిన్, మూత్రం ఆపుకోలేనివాళ్లకి ఇచ్చే ఆక్సిబ్యుటినిన్ ఈ రకమే. ఒంట్లో నీరు లాగేసే ఫ్యూరోసెమైడ్ లాంటివి ఇంకో దారిలో నోరు ఎండబెడతాయి. వయసు పైబడితే నోరు ఎండుతుందని చాలామంది సరిపెట్టుకుంటారు గానీ, ఆ నింద ఎక్కువగా పడాల్సింది వయసుతోపాటు పెరిగిన మందుల మీద.

మా అమ్మ కాగితం చెబుతాను. పొద్దున్నంతా బాగానే ఉండేది. రాత్రి ఎనిమిదికి అలెర్జీ మాత్ర, తొమ్మిదిన్నరకి నరాల నొప్పి మాత్ర. పదిన్నర నుంచి తెల్లారేదాకా ఒక్కో గీత కింద ఇంకో గీత: ‘నోరు పిడచ, నీళ్లు తాగాను, రెండు నిమిషాలకే మళ్లీ.’ విడివిడిగా చూస్తే ఏ మాత్రా పెద్దది కాదు. ఒకటి ఒక డాక్టరు రాసింది, ఇంకోటి ఇంకో డాక్టరు రాసింది, రెండూ కలిసి ఏం చేస్తున్నాయో ఎవరూ అడగలేదు. చిగుళ్ల అంచున వరసగా మూడు పళ్లు పుచ్చిపోయాక దంతవైద్యురాలు ‘ఏమేం మందులు వాడుతున్నారమ్మా’ అని అడిగింది. అంతకుముందు మేమెవరం ఆ ప్రశ్న వెయ్యలేదే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఆ కాగితం పట్టుకెళ్లి చూపిస్తే డాక్టరు ఒక మాత్ర మార్చి, ఇంకోదాని మోతాదు తగ్గించారు. కొన్ని వారాలకి పొడి బిస్కెట్టు నీళ్లు లేకుండా మింగగలిగింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఏ మందునీ మీ అంతట మీరు ఆపకండి. కొన్ని ఉన్నట్టుండి మానేస్తే, నోరెండటం కన్నా పెద్ద ప్రమాదం వస్తుంది. మోతాదు, వేసుకునే వేళ, బదులు ఇంకో మందు, ఈ మూడూ డాక్టరుని అడగాల్సిన ప్రశ్నలు.

మాత్రలకీ వేళలకీ పొంతన లేకపోతే ‘నీళ్లు తాగాక ఎంతసేపు’ అన్న గడి చూడండి. దాహం వేరు, నోరెండటం వేరు. ఒంట్లో నీళ్లు తక్కువైతే, కావలసినన్ని తాగితే కుదుటపడుతుంది. గ్రంథులే పని తగ్గిస్తే గుటక దిగేదాకానే తడి. ఇక, ఎంత తాగినా దాహం తీరకుండా, మాటిమాటికీ మూత్రానికి లేస్తూ, బరువు కూడా తగ్గుతుంటే వచ్చే పాఠం కోసం ఆగకండి, వెంటనే షుగర్ పరీక్ష చేయించుకోండి. రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకి (100 మిల్లీలీటర్లకి) సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రంలోకి పోవడం మొదలవుతుంది, నీళ్లనీ తనతో లాక్కుపోతుంది.

పగలూ రాత్రీ తేడా లేకుండా ఎండుతూ, కళ్లలో ఇసుక పడ్డట్టు ఉంటోందా? కీళ్ల నొప్పులు, చెవుల కింద వాపు కూడా ఉన్నాయా? స్వీడన్ కంటి వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో వివరించిన జబ్బు ఇలాగే మొదలవుతుంది. సొంత రోగనిరోధక శక్తే లాలాజల, కన్నీటి గ్రంథుల మీద పడుతుంది. ఆడవాళ్లలోనే ఎక్కువ. దీనికి రక్తపరీక్షలు ఉన్నాయి, ఒక్కోసారి పెదవి లోపలి నుంచి చిన్న ముక్క తీసి చూస్తారు. మెడకో తలకో రేడియేషన్ ఇప్పించుకున్నవాళ్లకి కారణం వెతకాల్సిన పనిలేదు, ఆ సంగతి డాక్టరుకి చెబితే చాలు. తినేటప్పుడు దవడ కింద ఒకవైపే ఉబ్బి నొప్పెడితే అది గ్రంథి నాళంలో రాయి కావచ్చు, దాని దారి వేరు.

చివరగా రెండో పాఠంలో ఏమీ నమలకుండా ఊరికే కూర్చుని ఉమ్మి కొలిచిన అంకె. అయిదు నిమిషాలకి అర మిల్లీలీటరు కన్నా తక్కువ వస్తే ఊట నిజంగానే తగ్గినట్టు. అంతకన్నా ఎక్కువే వచ్చినా నోరు ఎండినట్టే ఉందంటే ‘నాదంతా భ్రమ’ అనుకోకండి. ఎవరికి వాళ్లకి అలవాటైన తడి సుమారు సగానికి పడిపోతేనే నోరు ఎండినట్టు తెలుస్తుంది. నిమిషానికి 0.4 ఊరే మనిషికి 0.2కి దిగితే అంకె బాగున్నట్టే ఉంటుంది, నోరు మాత్రం ఎండుతుంది. ఆందోళనలో గొంతు తడారిపోవడం కూడా నిజమే, అదీ రాయండి.

ఈ వారం పని: కాగితం వెనక వైపు మీరు వాడే ప్రతి మందు పేరు, మోతాదు, వేళ, ఎప్పటి నుంచి వాడుతున్నారో రాయండి. కంటి చుక్కలు, పీల్చే మందులు, చీటీ లేకుండా కొన్న జలుబు బిళ్లలు కూడా. నోరెండటం ఏ నెలలో మొదలైందో పక్కన వేయండి. నాలుగో పాఠంలో ఆ కాగితాన్ని డాక్టరు ముందు పెట్టి ఎలా మాట్లాడాలో, ఈలోగా పళ్లని ఎలా కాపాడుకోవాలో నేర్చుకుందాం.