రోజూ ప్రార్థన నిలవడం లేదా? ఎక్కడ తెగుతోందో చూడండి

ఉజ్జీవ కూటాల్లో (భక్తిని రగిలించే ప్రత్యేక సభల్లో) "రేపటినుంచి నాలుగింటికే లేచి గంటసేపు ప్రార్థిస్తాను" అని తీర్మానం చేసుకున్నవాళ్ళలో చాలామందికి నాలుగో రోజుకో ఐదో రోజుకో అలారం వినపడదు. ఆ వెంటనే "నా భక్తి చల్లారిపోయింది" అని కుమిలిపోతారు. భక్తిని అనుమానించే ముందు వేళనీ, చోటునీ, కొలతనీ చూడండి. ఎక్కువమందికి తెగేది అక్కడే.

వారం తిరక్కుండానే ఆగిపోతోంది

పదకొండున్నరకు పడుకుని నాలుగింటికి లేవాలంటే ఒళ్ళు ఒప్పుకోదు. గంటసేపు ఏం ప్రార్థించాలో ముందు అనుకోకపోతే పావుగంటకే మాటలు అయిపోతాయి.

పది నిమిషాలతో మొదలుపెట్టండి. ఒక నిమిషం ఊరికే కూర్చోండి. మూడు నిమిషాలు బైబిల్లోని కీర్తనల గ్రంథం నుంచి ఒక కీర్తనను పెదవులు కదిలేలా చదవండి. ఐదు నిమిషాలు సొంత మాటల్లో ప్రార్థించండి. చివరి నిమిషంలో ప్రభువు నేర్పిన ప్రార్థన (మత్తయి 6:9-13) తొందరపడకుండా చెప్పండి. నెల రోజులు ఇది నిలిచాకే ఇంకో ఐదు నిమిషాలు కలపండి.

వేళను గడియారానికి కట్టకుండా రోజూ తప్పని పనికి కట్టండి. "ఆరింటికి" అనుకుంటే కుళాయి నీళ్ళు ఆలస్యంగా వచ్చిన రోజు ప్రార్థన పోతుంది. "పాలు కాచి దించాక" అనుకుంటే నిలుస్తుంది. నైట్ షిఫ్ట్ చేసేవారికైతే ఇంటికొచ్చి స్నానం చేశాక, పడుకునే ముందు సరైన వేళ. తెల్లవారుజాము ప్రార్థనే లెక్క అన్న నియమం లేదు. దానియేలు రోజుకు మూడుసార్లు ప్రార్థించాడు (6:10). మార్కు 1:35లో యేసు చీకటి ఉండగానే లేచి వెళ్ళాడు నిజమే, కానీ ఆ తర్వాతి వచనాలు కూడా చదవండి. శిష్యుడు సీమోను, అతనితో ఉన్నవాళ్ళు ఆయన్ని వెదుక్కుంటూ వచ్చేశారు. మీ కోసం ఎవరూ వెదకని పది నిమిషాలు రోజులో ఎప్పుడున్నాయో పట్టుకోండి.

కళ్ళు మూస్తే నిద్ర

యేసు పట్టుబడిన రాత్రి ప్రార్థించిన గెత్సేమనేలో శిష్యులకూ ఇదే జరిగింది, శరీరం బలహీనమని ప్రభువే అన్నాడు. రాత్రి అన్నం తిన్నాక, లైటు తీసేసి, మంచం పక్కన మోకరించి పరుపు మీద తల ఆనిస్తే నిద్ర రాకుండా ఎలా ఉంటుంది? ప్రార్థనను భోజనానికి ముందుకు జరపండి. లైటు వేసే ఉంచి, మెల్లగా గొంతు విప్పి పలకండి. అప్పటికీ మగతగా ఉంటే డాబా మీద నడుస్తూ ప్రార్థించండి.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కుర్చీలో కూర్చోవడానికి మొహమాటపడతారు. దావీదు దేవుని సన్నిధిలో కూర్చుని ప్రార్థించాడు (2 సమూయేలు 7:18). నిలబడి ప్రార్థించడం గురించి ప్రభువే మాట్లాడాడు (మార్కు 11:25). నొప్పి మీదికి పోయే ధ్యాస ప్రార్థన మీద ఉండేలా కూర్చోవడమే మేలు.

మనసు ఎక్కడెక్కడికో పోతోంది

గ్యాస్ బుక్ చేయాలి, ఫీజు కట్టాలి, బండి సర్వీసింగ్... కళ్ళు మూయగానే ఇవన్నీ బారులు తీరతాయి. మరిచిపోతామేమోనన్న భయంతో మనసు వాటిని వదలదు. పక్కన ఒక కాగితం, పెన్ను పెట్టుకోండి. గుర్తొచ్చింది రెండు మాటల్లో రాసి, ఆపిన చోటునుంచి కొనసాగించండి. ఒకే మనిషి గానీ ఒకే అప్పు గానీ పదేపదే గుర్తొస్తే అది ఆటంకం కాదు, మీరు ప్రార్థించవలసిన అంశమే. పేరు పెట్టి దేవునికి చెప్పండి.

బైబిలు యాప్ తెరిచిన ఫోన్లోనే వాట్సాప్ కూడా మోగుతుంది. ఆ పది నిమిషాలకు అచ్చు బైబిలు వాడండి, ఫోను వేరే గదిలో పెట్టండి.

రోజూ అవే మాటలు

"పరిశుద్ధుడా, మహోన్నతుడా, గడచిన కాలమంతా కాచి కాపాడినందుకు స్తోత్రములు..." సంఘంలో పెద్దల నోట విన్న ఈ మాటలు మంచివే. నోరు వాటికి ఎంత అలవాటు పడిందంటే, మనసు లేకపోయినా ప్రార్థన చివరిదాకా నడిచిపోతుంది. చిక్కంతా అక్కడుంది.

వాటిని మానెయ్యక్కర్లేదు, ఒక్కోదాని వెనక నిన్నటి సంగతి ఒకటి చేర్చండి. "కాచి కాపాడావు" అన్న చోట ఆగి, "నిన్న సాయంత్రం వానలో బండి జారినా పిల్లవాడికి దెబ్బ తగలనివ్వలేదు" అనండి. "మా పాపములు క్షమించు" అన్న చోట, "మధ్యాహ్నం అత్తయ్యతో విసురుగా మాట్లాడాను" అనండి. గ్రాంథికం రాకపోతే ఇంట్లో మాట్లాడే తెలుగే చాలు.

మీ మాటలు పూర్తిగా ఎండిపోతే కీర్తనల మాటలు అరువు తెచ్చుకోండి. తేదీని బట్టి ఎంచుకోవడం తేలిక. ఐదో తేదీన 5, 35, 65, 95, 125, ఇలా ముప్పై చొప్పున కలుపుతూ పోతే ఐదు కీర్తనలు వస్తాయి, వాటిలో ఒకటి చదవండి. 119వ కీర్తనకు 176 వచనాలున్నాయి కాబట్టి దాన్ని ఎనిమిది వచనాల భాగాలుగా 31వ తేదీలకు దాచుకోండి.

ప్రార్థించమన్నవారి పేర్లు మోయలేనంత అయ్యాయి

42 పేర్లుంటే సోమవారం నుంచి శనివారం దాకా రోజుకు ఏడు. ఆదివారం సంఘం కోసం. ఆపరేషన్ లాంటి అత్యవసరమైతే ఆ రోజు చేర్చండి, గడిచాక తీసేయండి.

శ్రమ దినాలు అయ్యాక ఆగిపోతోంది

పునరుత్థాన పండుగకు (ఈస్టరుకు) ముందు వచ్చే ఆ నలభై రోజులూ మిమ్మల్ని నడిపించింది సంఘంలో సాయంత్రం కూడిక. పండుగతో కూడిక ఆగుతుంది, దానితోపాటే మీ ప్రార్థనా ఆగుతుంది. పండుగకు ముందు ఆదివారమైన మట్టలాదివారం నాటికే మీ సొంత వేళ ఒకటి మొదలుపెట్టి, రెండూ కలిపి ఒక వారం నడపండి.

ఏమీ అనిపించడం లేదు

ముందు ఒకటి చూసుకోండి. ఎవరితోనైనా సరిచేసుకోవలసింది ఉందా? భార్యను గౌరవించకపోతే ప్రార్థనలకు అభ్యంతరం కలుగుతుందని పేతురు రాశాడు (1 పేతురు 3:7). మత్తయి 5:23-24 కూడా అర్పణ కంటే ముందు సమాధానపడమంటుంది. అలాంటిదేమీ లేకపోతే, అనుభూతి కోసం వెతుక్కోకుండా 13వ కీర్తన చదవండి. ఆరే వచనాలు, "ఎన్నాళ్ళు" అనే ప్రశ్నతో మొదలవుతుంది. 88వ కీర్తనైతే చీకటిలోనే ముగుస్తుంది, అయినా అది ప్రార్థనే.

నిద్ర పట్టక, తిండి సయించక, దేనిమీదా ఆసక్తి లేక రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించుకోండి. చచ్చిపోతే బాగుండుననిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకండి, ఇంట్లోవాళ్ళకు చెప్పి ఆ రోజే వెళ్ళండి. చావు కోరుకున్న ప్రవక్త ఏలీయాకు దేవుడు ముందు ఇచ్చింది నిద్ర, రొట్టె, నీళ్ళు (1 రాజులు 19).

తప్పిపోయాక మళ్ళీ మొదలుపెట్టలేకపోతున్నారు

రోజులు గడిచేకొద్దీ సిగ్గు పెరుగుతుంది. ఉపవాసముండి, రెండు గంటలు ప్రార్థించి అంతా సరిచేసుకోవాలనిపిస్తుంది. అంత తీరిక దొరకదు, ఇంకో వారం పోతుంది. ప్రార్థనకు బాకీలు లేవు. ఉదయం తప్పితే ఆ రోజే మధ్యాహ్న భోజనానికి ముందు రెండు నిమిషాలు చాలు. పదకొండు రోజులు తప్పినా మళ్ళీ పది నిమిషాలే. మొదటి మాటగా "తండ్రీ, పదకొండు రోజులైంది" అని చెప్పి, ఆ రోజు తేదీ కీర్తన తీయండి.