సైడ్ స్టెప్ కిర్రుమంటోందా? కొత్తది కొనేముందు బండి కిందికి దూరండి

ఒడిశాలోని మా రాయగడలో పికప్ ఉన్నవాళ్లు సైడ్ స్టెప్ గురించి, అంటే డోరు కింద కాలు పెట్టి ఎక్కే మెట్టు గురించి, నా షెడ్డుకు వస్తే మొదటి మాట దాదాపు ఒకటే ఉంటుంది. "మేస్త్రీ, దీన్ని పీకేసి గట్టిది ఒకటి వేసెయ్." పీకడం పెద్ద పని కాదు. కానీ చాలా బళ్లలో స్టెప్ బాగానే ఉంటుంది, బిగింపే పాడై ఉంటుంది. ఆ బిగింపు చూడకుండా కొత్తది వేస్తే పాత రోగం కొత్త స్టెప్‌కు అంటుకుంటుంది. రెండు నెలల తర్వాత మళ్లీ అదే మనిషి, అదే మాట.

కింద రాసిందంతా ఛాసిస్ (అడుగున ఉండే ఇనుప చట్రం) వేరు, క్యాబిన్ వేరుగా ఉండే బళ్లకు. బొలెరో పికప్, క్యాంపర్, యోధ, డీ-మ్యాక్స్, హైలక్స్ అన్నీ ఈ జాతే. నట్టు ఎటు తిప్పితే బిగుస్తుందో మీకు తెలుసనే అనుకుంటున్నాను.

ముందు ఇది. మిగతావి తర్వాత

బండిని చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకు రాళ్లు పెట్టండి. ఒకరు స్టెప్ ఎక్కి దిగుతూ ఉండాలి. ఇంకొకరు గోనె పరుచుకుని కింద పడుకుని టార్చి వేసి చూడాలి. ఒక్కరే బయట నిలబడి కాలితో తన్ని చూస్తే ఏమీ తేలదు, చెప్పు అరగడం తప్ప.

కిందున్నవాడు చూడాల్సింది ఏది దేనిమీద కదులుతోందన్నదే. స్టెప్‌ను బండికి పట్టి ఉంచే ఇనుప పట్టీని బ్రాకెట్ అంటాం. స్టెప్ వెళ్లి ఆ బ్రాకెట్ మీద జరుగుతోందా? బ్రాకెట్ ఛాసిస్ మీద జరుగుతోందా? రెండు చోట్లా గట్టిగానే ఉండి బ్రాకెట్ పట్టీయే వంగుతోందా? ఇది తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

తర్వాత పానా వేయండి. ఎం8 (8 మిల్లీమీటర్ల లావు) బోల్టులకు 13 పానా, ఎం10కి ఎక్కువగా 17. ప్రతి బోల్టుకూ, రెండు వైపులా. కొత్తగా బిగించిన స్టెప్‌కు మొదటి 500 కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి పానా తిప్పాలి. ఛాసిస్ మీద రంగు ఉంటుంది, కొన్నింటికి కింద నల్ల కోటింగు కూడా ఉంటుంది. వాషర్ కింద అది నలిగి పలచబడుతుంది. అంత మేర బోల్టు వదులవుతుంది, ఎవరూ ఏమీ చేయకుండానే. బిగించిన ప్రతిసారీ ఈ మాట చెబుతాను, అందరూ తలూపుతారు, ఒక్కరూ రారు. ఆరు నెలలకు బోల్టు రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయాక వస్తారు.

అడుగు పెడితే దిగిపోతోంది, ఊగుతోంది

పానాకు బిగుసుకుపోతే అక్కడితో ఆపేయండి. బిగించినా ఊగితే బ్రాకెట్ లెక్క చూడాలి. డబుల్ క్యాబిన్ బండికి పొడుగు స్టెప్ వేసి రెండే బ్రాకెట్లు పెడుతున్నారు, ముందొకటి వెనకొకటి. వెనక డోరు ఎక్కేవాడి కాలు సరిగ్గా నడుమ ఖాళీ మీద పడుతుంది. మూడో బ్రాకెట్ కావాలి, అది కూడా కాలు పడే చోటుకు దగ్గరగా.

పట్టీ మందం కూడా చూడండి. ఛాసిస్ లోపలెక్కడో ఉంటుంది, స్టెప్ అంచు దానికి మూరెడు దూరంలో. ఏతం మాను మీద చివరికి పోయేకొద్దీ మనిషి బరువు ఎలా పనిచేస్తుందో ఇక్కడా అంతే. 80 కిలోల మనిషి, భుజం మీద బస్తాతో ఒక్క ఊపున ఎక్కితే ఆ మూలన పడే లాగుడు చిన్నది కాదు. 3 మిల్లీమీటర్ల పట్టీ వంచి ఇస్తే తీసుకోకండి. నేను 5కు తగ్గను, మూలకు త్రికోణం ముక్క వెల్డింగు చేయించుకుంటాను. బోల్టు తల మీద 8.8 అని ఉండాలి, అది దాని గట్టిదనానికి గుర్తు. ఏ అంకె లేని బోల్టును కోళ్లగూడు తలుపుకు వాడుకోండి.

గతుకుల్లో కిర్రుమంటుంది, షెడ్డులో మాత్రం చప్పుడే ఉండదు

నన్ను ముంచింది ఇదే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

గుణుపురం వైపు నుంచి పత్తి వ్యాపారం చేసే షావుకారు గారు ఒకాయన క్యాంపర్ తెచ్చారు. వెనక డోరు కింద కిర్రు కిర్రుమంటోందన్నారు. కింద పడుకుని చూశాను, అన్నీ బిగువుగా ఉన్నాయి. అయినా ఓ చుట్టు తిప్పి పంపాను. పదిహేను రోజులకు మళ్లీ వచ్చారు. ఈసారి క్యాబిన్ కింద రబ్బరు బుష్‌లు అరిగాయని తేల్చి, అన్నీ మార్చాను. వారం తిరక్కుండా మూడోసారి. "నాయనా, బుష్‌ల డబ్బులు తీసుకున్నావు గానీ చప్పుడు మాత్రం నాకే వదిలేశావు" అన్నారు. నవ్వుతూనే అన్నారు, నాకే తల ఎత్తబుద్ధి కాలేదు.

అప్పుడు ఆయన పక్కన కూర్చుని రోడ్డు మీదికి తీసుకెళ్లాను. తిన్నని రోడ్డు మీద చప్పుడు లేదు. రైలు గేటు దగ్గర పట్టాలు ఏటవాలుగా దాటుతుంటే, ఒక చక్రం పైకి ఒక చక్రం కిందికి పోయిన క్షణంలో, కిర్రుమంది. నేను వెనక సీటుకు మారి, రెండు డోర్ల నడుమ స్తంభం అడుగున చెయ్యి పెట్టాను. ఇంకోసారి దాటించాం. రేకు వణుకు చేతికి తగిలింది.

షెడ్డుకొచ్చి స్టెప్ దించేశాను. ముందు రెండు బ్రాకెట్లు ఛాసిస్‌కు ఉన్నాయి. వెనకది మాత్రం డోరు గడప కింద క్యాబిన్ రేకుకు ఉంది. ఆ బోల్టు చుట్టూ రేకు వెంట్రుకలా చీలింది. చీలిక గుండా వాననీళ్లు ఎక్కి లోపల మ్యాట్ కింద తడి, ఎర్ర బురద. ఈ పని చేసిన దరిద్రుడెవడని అడగబోయి ఆగిపోయాను. ఏడాది కింద ఆ స్టెప్ బిగించింది నేనే. వెనక ఛాసిస్ రంధ్రానికి పైపు అడ్డం ఉందని, చేతికి అందిన రేకుకు రంధ్రం వేసి కానిచ్చేశాను.

ఎందుకు చీలిందో చెబుతాను. క్యాబిన్ ఛాసిస్ మీద నేరుగా కూర్చోదు, రబ్బరు బుష్‌ల మీద కూర్చుంటుంది. ఒక చక్రం గోతిలో పడితే ఛాసిస్ మెలి తిరుగుతుంది. ఆ మెలిక క్యాబిన్‌కు ఎక్కకుండా రబ్బరు మింగేస్తుంది. అంటే రోడ్డు మీద క్యాబిన్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఎడం కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ మారుతూనే ఉంటుంది. అది జబ్బు కాదు, బండిని అలాగే చేశారు. ఇప్పుడు మీరు ఇనుప స్టెప్ ఒక కొసను ఛాసిస్‌కు, ఇంకో కొసను క్యాబిన్‌కు కట్టారనుకోండి. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన మనిషి అవస్థే. పైపు సాగదు, 8.8 బోల్టు సాగదు. మిగిలింది మిల్లీమీటరు మందం కూడా ఉండని గడప రేకు. అదే చీలుతుంది. చీలే ముందు కిర్రుమని చెబుతుంది. మనం దాన్ని బుష్ అనుకుంటాం, డోరు రబ్బరు అనుకుంటాం, లీఫ్ పట్టీల మధ్య గ్రీజు ఆరిందనుకుంటాం.

షెడ్డులో దొరకకపోవడానికి కారణం అదే. చదునైన నేల మీద ఛాసిస్ మెలి తిరగదు. పది మంది స్టెప్ ఎక్కినా అది నోరు విప్పదు.

మీరే తేల్చుకోవచ్చు. అన్ని బ్రాకెట్లూ ఎక్కడ బిగించి ఉన్నాయో ఒక్కొక్కటే వేలితో తడుముతూ వెళ్లండి. ఒక్కటైనా తేడాగా క్యాబిన్‌కు ఉంటే ఆ ఒక్క బోల్టు తీసేసి, స్టెప్ మీద ఎవరూ కాలు పెట్టకుండా, తెలిసిన గతుకు దాకా మెల్లగా పోయి రండి. చప్పుడు పోతే దొంగ దొరికినట్టే. అనుమానం మిగిలితే బ్రాకెట్ మీదా పక్కనున్న గడప మీదా కలిసేలా సుద్దముక్కతో అడ్డగీత గీసి, ఒక చక్రాన్ని దిమ్మ ఎక్కించి చూడండి. గీత రెండు ముక్కలై పక్కకు జరుగుతుంది. ఎంత జరుగుతుందో కళ్లతో చూస్తే ఇంకెప్పుడూ రేకుకు బోల్టు వేయరు.

బాగు చేయడానికి క్యాబిన్‌కు ఉన్న బోల్టు తీసేయాలి, మూడో బ్రాకెట్‌ను ఛాసిస్‌కే ఉన్న పాత రంధ్రంలోకి మార్చాలి. అడ్డం ఏదైనా ఉంటే బ్రాకెట్ వంపు మార్చి కొత్తగా చేయించండి. ఛాసిస్‌కు వెల్డింగు మాత్రం పెట్టకండి. వేడి తగిలిన చోట ఛాసిస్ బలం పోతుంది, సరుకు బండికి తర్వాత పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. స్టెప్‌కూ గడపకూ మధ్య వేలు సులువుగా దూరేంత ఎడం ఉంచండి. లేకపోతే బోల్టు లేకుండానే కొట్టుకుంటుంది. చీలిన రేకును గీకి, చీలిక కొసన చిన్న రంధ్రం వేసి, అతుకు వేయించి, జింక్ ప్రైమర్ పూసి, లోపలి వైపు మైనం కొట్టించండి. షావుకారు గారి బండికి ఇవన్నీ నా ఖర్చుతోనే చేశాను.

దీనికి ఒక మినహాయింపు ఉంది. కొన్ని బళ్లకు కంపెనీవాళ్లే గడప లోపలి వైపు గట్టి పట్టీ వేసి మరలు పెట్టి ఉంచుతారు. అక్కడ స్టెప్ మొత్తం క్యాబిన్‌కే బిగించవచ్చు, తప్పు లేదు. అప్పుడు ఒక్క బ్రాకెట్ కూడా ఛాసిస్‌ను తాకకూడదు. మొత్తం ఇటైనా ఉండాలి, మొత్తం అటైనా ఉండాలి. "ఊగుతోంది కదా, ఇంకో సపోర్టు ఇస్తాను" అని క్యాబిన్ నుంచి ఛాసిస్‌కు పట్టీ కొట్టేవాడి దగ్గర నుంచి తాళం తీసుకుని వచ్చేయండి.

వానలో కాలు జారుతోంది

మెరిసే గుండ్రటి స్టీలు పైపు కొన్నారు, అంతే. దాని మీదున్న ప్లాస్టిక్ ముక్కలు రెండు వానాకాలాలకు నున్నగా అయిపోతాయి. జిగురు టేపు మన ఎర్ర బురదకు నెల కూడా ఆగదు. రంధ్రాలు పొడిచి పళ్లు లేపిన రేకు గానీ, కాలు జారకుండా మీద గీతలు ఉబ్బెత్తుగా ఉండే చెకర్ ప్లేటు గానీ పైపు మీద వేయించండి. రంధ్రాలదైతే బురద కిందికి రాలిపోతుంది, నా ఓటు దానికే.

స్టెప్ ఉన్నా పెద్దవాళ్లు ఎక్కలేకపోతున్నారు

చైత్రంలో మజ్జిగౌరమ్మ జాతరకు ఊళ్ల నుంచి పికప్‌లలో వచ్చేవాళ్లను చూడండి. చీర కట్టుకున్న ముసలమ్మ స్టెప్ మీద కాలు పెట్టలేక, డ్రైవరు చేయి పట్టుకుని నేరుగా లోపలికి ఎక్కుతుంది. స్టెప్ మరీ పైకి, గడపకు అతుక్కుని ఉంటుంది. బొమ్మకు బాగుంటుంది, కాలుకు పనికిరాదు. ఎక్కే మనిషి మోకాలి కన్నా బాగా కిందే ఉండాలి, గడప దాటి బయటికి బెత్తెడన్నా రావాలి. కొనేముందు ఇంట్లో పెద్దావిడ మోకాలి ఎత్తు టేపుతో కొలిచి రండి. ఈ మాట చెబితే నవ్వుతారు. కొలిచి వచ్చినవాళ్లెవరూ స్టెప్ మార్చమని తిరిగి రాలేదు.

కింద రాళ్లకు తగులుతోంది

పై సమస్యకు ఇది తిరగేసింది. కాశీపురం వైపు కొండ ఊళ్లకు తిరిగే బండికి కిందికి వేలాడే స్టెప్ వేస్తే బండ మీద కూర్చుంటుంది. బండి సగం పొడవులో, రెండు చక్రాల నడుమ, కిందికి దిగేదేదైనా మొదట అదే తగులుతుంది. సంతకు సరుకు వేసే బండైతే పైకి ఎత్తి బిగించిన సన్నటి స్టెప్ చాలు. ఇంటివాళ్లు ఎక్కే బండికే కిందికి ఉన్నది. రెండు పనులూ ఒకే బండితో చేసేవాళ్లకు నా దగ్గర మంచి జవాబు లేదు. డోరు కింద మాత్రమే ఉండే చిన్న మెట్టు ఒకటి చేసిస్తాను, రాయికి తగిలితే అది వంగుతుంది, మళ్లీ కొట్టి తిన్నగా చేసుకోవచ్చు.

తుప్పు

పైపు లోపల నీళ్లు నిలుస్తాయి. కొసల మూతలు బిగువుగా ఉన్నాయా చూడండి, అడుగున 6 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వేయండి. "అయస్కాంతం అంటుకోలేదు కాబట్టి 304 స్టీలు (తుప్పుకు బాగా ఆగే రకం)" అనే మాట నమ్మకండి. చవక 202కు కూడా అయస్కాంతం అంటుకోదు, తుప్పు మాత్రం ముందే పడుతుంది. గోపాల్‌పూర్ తీరం వైపు తిరిగే బండైతే ఉప్పుగాలికి ఈ తేడా త్వరగానే బయటపడుతుంది.

అల్యూమినియం స్టెప్‌కు స్టీలు బోల్టు దగ్గర తెల్లపొడి రావడం, మోటారుతో ముడుచుకునే స్టెప్ ఇరుక్కుపోవడం, ఛాసిస్సే పగలడం కూడా ఉన్నాయి. మా రాయగడ ఓడీ-18 నంబరు బళ్లలో గానీ పార్వతీపురం నుంచి వచ్చే ఏపీ బళ్లలో గానీ అవి చాలా అరుదు. పైవన్నీ చూశాక వాటి గురించి ఆలోచిద్దాం.

స్టెప్ కొంటే బుల్ గార్డ్ (బండి ముందు బంపరుకు బిగించే ఇనుప కమ్మీలు) కూడా సెట్టుగా ఇస్తామంటారు. వద్దనండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అది తప్పని, చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. స్టెప్ బిగించాక ఊరికి బయలుదేరే ముందు జాకీ ఒకసారి బయటికి తీసి, దాని చోటుకు చేరుతుందో లేదో పెట్టి చూడండి. అందకపోతే నా దగ్గరకే తిరిగి రండి. స్టెప్ కింద మాత్రం జాకీ పెట్టకండి.