రెజ్యూమే పాఠాలు – 4: మీ పనికి వాళ్లు పెట్టుకున్న పేరు

మూడో పాఠంలో ఒక పని చెప్పాను. రెజ్యూమే మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడమన్నాను. అక్కడ అక్షరాలన్నీ పైనుంచి కిందికి వరుసగా, కలగాపులగం కాకుండా వచ్చి ఉంటే ఈ పాఠం మొదలుపెట్టవచ్చు. రెండు కాలమ్‌ల డిజైన్ వాడినవాళ్లు, ఫోన్ నంబర్‌ను పేజీ హెడర్‌లో పెట్టినవాళ్లు ముందు దాన్ని సరిచేసుకోండి. చాలా ఏళ్ల కిందట నేను ఒక కంపెనీ ఫారంలో రంగురంగుల రెజ్యూమే అప్‌లోడ్ చేస్తే, పాత కంపెనీ పేరు రాయాల్సిన గడిలో ‘తెలుగు, హిందీ, ఇంగ్లిష్’ అని నిండింది. చూసుకోకుండా సబ్మిట్ నొక్కేశాను. ఎవరూ పిలవలేదు. మూడో పాఠం అంత పొడవుగా రాయడానికి కారణం అదే.

ఈసారి మాటల సంగతి: రెజ్యూమేలో ఏ మాటలుంటే రిక్రూటర్ల వెతుకులాటలో మీరు దొరుకుతారో చూద్దాం.

ముందుగా అవతల ఏం జరుగుతుందో తెలియాలి. హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లోని పెద్ద కంపెనీలకు మీరు పంపే రెజ్యూమే నేరుగా హెచ్‌ఆర్ మెయిల్‌కు వెళ్లదు. వర్క్‌డే, ఒరాకిల్ వారి టాలియో, ఎస్‌ఏపీ వారి సక్సెస్‌ఫ్యాక్టర్స్, జోహో రిక్రూట్ లాంటి సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి దాన్ని అందుకుంటుంది. వీటన్నిటినీ కలిపి ఏటీఎస్ (అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్) అంటారు. అది మీ ఫైల్లోని అక్షరాలను బయటికి తీసి పేరు, ఫోను, చదువు, పాత ఉద్యోగాలు, నైపుణ్యాలు అని గడుల్లో సర్దుతుంది. ఆ తర్వాత రిక్రూటర్ సెర్చ్ గడిలో రెండు మూడు మాటలు కొడతారు. ఆ మాటలున్న రెజ్యూమేలు పైకి వస్తాయి, లేనివి అడుగున ఉండిపోతాయి. నౌకరీ.కామ్ అనే ఉద్యోగాల సైట్‌లో జరిగేదీ ఇదే. రిక్రూటర్లు డబ్బు కట్టి తీసుకునే రెస్‌డెక్స్ అనే డేటాబేస్‌లో మాటలు కొట్టి వెతుకుతారు.

కొన్ని సాఫ్ట్‌వేర్లు రెజ్యూమేను ఉద్యోగ ప్రకటనతో పోల్చి స్కోరు కూడా ఇస్తాయి. అయితే మెషీనే ముప్పావు వంతు రెజ్యూమేలను చెత్తబుట్టలో పడేస్తుందని నెట్‌లో తిరిగే మాటను పట్టించుకొని టెన్షన్ పడకండి. ఆ లెక్కకు గట్టి ఆధారం లేదు. దరఖాస్తు ఆటోమేటిక్‌గా ఆగిపోవడం ఎక్కువగా ఫారంలో అడిగే ప్రశ్నల దగ్గర జరుగుతుంది. అనుభవం ఎన్నేళ్లు, నోటీస్ పీరియడ్ ఎంత, నైట్ షిఫ్ట్ చేయగలరా అన్నవి. వాటికి నింపే జవాబు రెజ్యూమేలో ఉన్నదానితో సరిపోవాలి. ఒకచోట రెండేళ్లు, ఇంకోచోట మూడేళ్లు అని ఉంటే మనిషి చూసినా పక్కన పెడతారు.

ఇక అసలు పాఠం. ఒక ఉదాహరణ తీసుకొని దాన్నే చివరిదాకా లాగుదాం.

మా ఆదివారం క్లాసుకు బేగంబజార్ నుంచి ఒకమ్మాయి వస్తుంది. బీకామ్ చదివింది. స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణంలో రెండున్నరేళ్లుగా లెక్కలు చూస్తోంది. మాదాపూర్‌లోని కంపెనీల్లో అకౌంట్స్ ఉద్యోగాలకు నలభై దాకా దరఖాస్తులు పెట్టింది. ఒక్క ఫోన్ రాలేదు. రెజ్యూమే చూస్తే పని గురించి ఒకే లైను ఉంది: “పర్చేజ్ బిల్లుల ఎంట్రీ, డైలీ అకౌంట్స్, ఎక్సెల్ వర్క్.” నేను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, మీ రెజ్యూమేలో ఇవన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి.

“దుకాణంలో ఏం చేస్తావు తల్లీ?” అని అడిగాను.

“ఏముందక్కా, బిల్లులు ఎక్కిస్తా. అంతే.”

“బిల్లు చేతికి రాగానే ఎక్కించేస్తావా?”

“అట్లెట్ల ఎక్కిస్తా? సేఠ్ వాట్సాప్‌ల ఏం ఆర్డర్ పెట్టిండో చూస్తా. గోడౌన్‌ల సరుకు దిగినప్పుడు రాసిన చిట్టీ చూస్తా. మూడూ కలిస్తేనే ఎక్కిస్తా. కలవకపోతే సరుకు పంపిన పార్టీకి ఫోన్ చేస్తా.”

ఆమె దగ్గర అప్పటికే మూడు ప్రకటనల ప్రింటవుట్లు ఉన్నాయి. మూడింటిలోనూ ‘త్రీ-వే మ్యాచ్’ అనే మాట ఉంది. అదేదో పెద్ద కంపెనీల్లో మాత్రమే ఉండే విద్య అనుకుంది. ఆర్డర్, సరుకు అందిన రసీదు, ఇన్‌వాయిస్ – ఈ మూడూ సరిచూడటాన్నే త్రీ-వే మ్యాచ్ అంటారు. రెండున్నరేళ్లుగా రోజూ చేస్తున్న పని! పేరు తెలియక రెజ్యూమేలో లేదు. రెజ్యూమేలో లేక సెర్చ్‌లో రాలేదు.

కీవర్డ్ అంటే నా దృష్టిలో ఇదే. మీరు చేసిన పనికి ఆ కంపెనీవాళ్లు పెట్టుకున్న పేరు. ఆ పేరు కనుక్కొని, మీ పని పక్కన పెట్టాలి. పని లేకుండా పేరు పెట్టకూడదు.

ఆ పేరు ఎట్లా కనుక్కోవాలంటే, మీకు కావలసిన ఉద్యోగానికే సంబంధించిన ప్రకటనలు మూడు తీసుకోండి. ఒకటి చాలదు, పది అక్కర్లేదు. ఫోన్‌లో చదివితే కళ్లు జారిపోతాయి కాబట్టి జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకోండి. పెన్ను పట్టుకొని పని పేర్ల కింద, సాఫ్ట్‌వేర్ పేర్ల కింద, సర్టిఫికెట్ల కింద గీత గీయండి. ‘హార్డ్‌వర్కింగ్’, ‘టీమ్ ప్లేయర్’, ‘డైనమిక్’ లాంటి వాటి జోలికి పోవద్దు, అలాంటి మాట కొట్టి ఏ రిక్రూటరూ వెతకరు. గీతలు గీశాక మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. కనీసం రెండింటిలో ఉన్న మాట ఆ వృత్తిది. అది మీ రెజ్యూమేలో ఉండి తీరాలి, మీరు ఆ పని చేసి ఉంటే. ఒక్కదానిలోనే ఉన్న మాట ఆ కంపెనీ సొంత అవసరం. దానికి పంపే కాపీలో మాత్రం చేరిస్తే చాలు.

ఆ అమ్మాయి కాగితాల్లో రెండు మూడుసార్లు వచ్చినవి ఇవి: అకౌంట్స్ పేయబుల్ (సప్లయర్లకు కట్టాల్సిన డబ్బు లెక్కలు), ఇన్‌వాయిస్ ప్రాసెసింగ్, త్రీ-వే మ్యాచ్, వెండర్ రికన్సిలియేషన్, జీఎస్‌టీ, టీడీఎస్, ఎక్సెల్‌లో వీలుకప్ (ఒక లిస్టులోని వివరాన్ని ఇంకో లిస్టులో వెతికే ఫార్ములా), పివట్ టేబుల్ (పెద్ద లిస్టును గుంపులుగా కూడి చూపే పట్టిక), ఎస్‌ఏపీ (పెద్ద కంపెనీలు లెక్కలకు వాడే సాఫ్ట్‌వేర్). ఒక్కో మాట చదువుతూ ఆమె పనిలో దానికి జత వెతికాం. నెలాఖరున ప్రతి పార్టీకీ ఫోన్ చేసి వాళ్ల ఖాతా, మన ఖాతా కలుస్తున్నాయో లేదో చూస్తుంది. అది వెండర్ రికన్సిలియేషన్. ప్రతి నెలా 14న జీఎస్‌టీ పోర్టల్‌లో జీఎస్‌టీఆర్-2బీ (సప్లయర్లు అప్‌లోడ్ చేసిన బిల్లుల పట్టిక) రాగానే దాన్ని ఎక్సెల్‌లోకి దించి, దుకాణం లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలోని పర్చేజ్ రిజిస్టర్‌తో పోల్చి, బిల్లు అప్‌లోడ్ చేయని పార్టీలెవరో తేల్చి ఆడిటర్ గారికి లిస్టు పంపుతుంది. ఆ పోల్చడానికి వాడేది వీలుకప్పే. ఇంత పని “ఎక్సెల్ వర్క్” అనే రెండు మాటల కింద పూడిపోయింది. నాకైతే ఆ లైను చూసి బాధేసింది. ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్, అంటే కొన్న సరుకు మీద కట్టిన జీఎస్‌టీని తగ్గించుకునే వీలు, పోకుండా దుకాణానికి డబ్బు కాపాడుతున్న మనిషి తన పని అంతేనని చెప్పుకుంటోంది.

మార్చి రాసుకున్న లైన్లు చూడండి.

“టాలీ ప్రైమ్‌లో నెలకు సుమారు 300 పర్చేజ్ ఇన్‌వాయిస్‌ల ప్రాసెసింగ్. ఆర్డర్, సరుకు రసీదు, ఇన్‌వాయిస్‌లను త్రీ-వే మ్యాచ్ చేసి, తేడాలను సప్లయర్లతో మాట్లాడి పరిష్కరించడం.”

“ప్రతి నెలా 60 మంది సప్లయర్ల ఖాతాల వెండర్ రికన్సిలియేషన్.”

“జీఎస్‌టీఆర్-2బీని పర్చేజ్ రిజిస్టర్‌తో ఎక్సెల్ వీలుకప్ ద్వారా సరిపోల్చి, ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తేడాల లిస్టు ఆడిటర్‌కు ఇవ్వడం.”

మాట ఒక్కటే విడిగా లేదని గమనించారా? ప్రతి మాట పక్కనా ఎంత, దేనితో, ఎందుకు అన్నది ఉంది. కీవర్డ్ సెర్చ్‌లో దొరకడానికి పనికొస్తుంది. దొరికాక పదిహేను సెకన్లు చూసే మనిషికి కావలసింది ఆ పక్కనున్న అంకె. ఆ అంకెలు ఆమె టాలీలో లెక్క చూసి చెప్పినవి. మీరూ ఊహించి రాయకండి.

త్రీ-వే మ్యాచ్ దగ్గర ఆమెకు ఒక సందేహం వచ్చింది. “మాది వాట్సాప్ ఆర్డర్ కదక్కా, పర్చేజ్ ఆర్డర్ అని రాయొచ్చా?” మంచి సందేహం. అందుకే ‘ఆర్డర్’ అని మాత్రమే రాయించాను. ఇంటర్వ్యూలో అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను: మా దగ్గర ఆర్డర్ వాట్సాప్‌లో వచ్చేది, నేను దాన్ని ఇట్లా సరిచూసేదాన్ని అని. పని తెలిసినవాళ్లకు ఆ జవాబు నచ్చుతుంది.

హోదా దగ్గర కూడా ఆగాం. దుకాణంవాళ్లు ఇచ్చిన అనుభవ పత్రంలో ‘కంప్యూటర్ ఆపరేటర్’ అని ఉంది. దాన్ని ‘అకౌంట్స్ పేయబుల్ ఎగ్జిక్యూటివ్’గా మార్చవద్దన్నాను. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో, అంటే కొత్త కంపెనీ మీ పాత ఉద్యోగం గురించి ఆరా తీసేటప్పుడు, హోదా, తేదీలు రెండూ అడుగుతారు. పీఎఫ్ ఉన్నవాళ్లకైతే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుల నంబరు) సర్వీస్ హిస్టరీలో చేరిన తేదీ, మానేసిన తేదీ కనిపిస్తాయి. హోదా ఉన్నదే ఉంచి, పైన నాలుగు లైన్ల సమ్మరీలో “అకౌంట్స్ పేయబుల్ పనిలో రెండున్నరేళ్ల అనుభవం” అని రాస్తే అది నిజమూ అవుతుంది, సెర్చ్‌లోనూ వస్తుంది.

చివరికి ఎస్‌ఏపీ మిగిలింది. “ఒక్క ముక్క రాసేస్తే ఏమవుతది అక్కా? మా హాస్టల్ల అందరూ రాస్తున్నరు.”

ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. అమీర్‌పేట మైత్రివనం చుట్టుపక్కల తిరిగినవాళ్లకు ఆ ఒత్తిడి ఎట్లాంటిదో తెలుసు. ఊళ్లో అమ్మానాన్నలు నెలనెలా హాస్టల్ ఫీజు పంపుతుంటే, పక్క మంచం పిల్లకు కాల్ వచ్చి మనకు రాకపోతే, ఆ ఒక్క ముక్క రాసేయాలనే అనిపిస్తుంది. నేను తప్పు పట్టను. కానీ రాయవద్దు. రాస్తే ఇంటర్వ్యూలో ఎఫ్‌బీ60 ఎప్పుడు వాడతారు, ఎమ్‌ఐఆర్‌ఓ ఎప్పుడు వాడతారు అని అడుగుతారు. ఇవి ఎస్‌ఏపీలో ఇన్‌వాయిస్ ఎక్కించే కోడ్‌లు. మొదటిది పర్చేజ్ ఆర్డర్ లేని ఇన్‌వాయిస్‌కు, రెండోది ఆర్డర్ ఉన్నదానికి. ఇది చదివి జవాబు బట్టీ పట్టినా, తర్వాతి ప్రశ్నకు దొరికిపోతారు. అప్పుడు మీరు నిజంగా చేసిన త్రీ-వే మ్యాచ్‌ను కూడా నమ్మరు. నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. ఒక మాట గురించి కాగితం చూడకుండా రెండు నిమిషాలు మాట్లాడగలిగితే రాయండి. లేకపోతే తీసేయండి.

తెల్లని అక్షరాల్లో కీవర్డ్‌లు దాచిపెట్టమని చెప్పే వీడియోలు కూడా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ రంగు వదిలేసి అక్షరాలు మాత్రమే బయటికి తీస్తుంది కాబట్టి, దాచిన మాటలన్నీ రిక్రూటర్ స్క్రీన్ మీద బారులు తీరి కనిపించవచ్చు. వద్దు.

చిన్న విషయాలు కొన్ని. పొట్టి పేరుతోపాటు పూర్తి పేరు కూడా కనీసం ఒకసారి రాయండి, ఎవరు ఏది కొట్టి వెతుకుతారో చెప్పలేం. అకౌంట్స్ పేయబుల్‌ను ‘ఏపీ’ అని మాత్రమే రాస్తే, మన దగ్గర అది రాష్ట్రం పేరు కూడా. ముఖ్యమైన మాట సమ్మరీలో ఒకసారి, నైపుణ్యాల లిస్టులో ఒకసారి, పని వివరంలో ఒకసారి వస్తే సరిపోతుంది. అంతకు మించితే చదివే మనిషికి విసుగు. నౌకరీ ప్రొఫైల్‌లోని హెడ్‌లైన్, కీ స్కిల్స్ గడుల్లోనూ అవే మాటలు పెట్టండి. రెజ్యూమే మార్చి ప్రొఫైల్ మరిచిపోయేవాళ్లు చాలామంది.

ప్రతి దరఖాస్తుకూ మొత్తం తిరగరాయనక్కర్లేదు. చేసిన పనులన్నీ ఉన్న పెద్ద కాపీ ఒకటి మీ దగ్గరే దాచుకోండి, మూడు పేజీలైనా ఫర్వాలేదు. పంపేటప్పుడు అందులోంచి ఆ ప్రకటనకు కావలసిన లైన్లు ఎంచి, సమ్మరీ, నైపుణ్యాల వరుస మార్చండి. అలవాటైతే ఇరవై నిమిషాల పని. రోజుకు ముప్పై చోట్ల ఒకే రెజ్యూమే పంపడం కన్నా ఇట్లా నాలుగు పంపడం మేలని నా నమ్మకం.

ఈ వారం అభ్యాసం: ఒక నోటుబుక్కు పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు మూడు ప్రకటనల్లోంచి ఏరిన మాటలు రాయండి. కుడివైపు, ప్రతి మాటకు ఎదురుగా, మీరు చేసిన పని తెలుగులోనే రాయండి. ఇంగ్లిష్‌లో ఆలోచిస్తే ‘హ్యాండిల్డ్’, ‘మేనేజ్డ్’ అనే మాటలే వస్తాయి. తెలుగులో రాస్తే గోడౌన్ చిట్టీ బయటికి వస్తుంది. ఇంట్లోవాళ్లకో, ఫ్రెండ్‌కో నోటితో చెప్పి వాళ్లను రాయమన్నా మంచిదే. ఫ్రెషర్లు కాలేజీ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్, ఇంటి దుకాణంలో చేసిన సాయం కూడా లెక్కలోకి తీసుకోండి.

కుడివైపు ఖాళీగా మిగిలిన మాటల కింద ఎర్ర పెన్నుతో గీత గీసి ఉంచండి. ఆ అమ్మాయి పేజీలో అట్లా రెండు మిగిలాయి, ఎస్‌ఏపీ, పివట్ టేబుల్. పివట్ టేబుల్ ఆ సాయంత్రమే తన పర్చేజ్ రిజిస్టర్ మీద చేసి చూసుకుంది. ఎర్ర గీతల్లో ఏది వారంలో నేర్చుకోవచ్చు, దేనికి కోర్సు కావాలి, దేన్ని వదిలేయవచ్చు అన్నది ఐదో పాఠంలో చూద్దాం. ఆ పేజీ పక్కన పెట్టుకొని చదవండి.